సగం ధరకు వస్తున్న పాత కారు: తీసుకోవచ్చా, వదిలేయాలా?

కొత్తడ్రైవరు
పన్నెండేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఒకటి చూశాను. మాన్యువల్ గేర్లు. మీటరు మీద 92,000 కిలోమీటర్లు. ఇదే మోడల్, ఇదే వయసున్న కార్లకు మిగతావాళ్లు అడుగుతున్న దానిలో దాదాపు సగానికే ఇస్తానంటున్నాడు. అమ్మేది డీలరు కాదు, యజమానే. దీనికి ఆయన రెండో యజమాని. పాలిష్ చేయించాడు కాబట్టి బయటికి తళతళలాడుతోంది. కాసేపు నడిపి చూశాను, నాకు తెలిసినంతలో తేడా కనిపించలేదు. రోజుకు ముప్పై కిలోమీటర్లకు మించి తిరగను, మూడేళ్లు నడిస్తే చాలు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, రేపటిలోగా చెప్పండి" అంటున్నాడు. ఇంత తక్కువకు ఎందుకిస్తున్నాడన్నదే నా అనుమానం. మీరైతే ఏం చేస్తారు?

గ్రీజుచేతులు
మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా? ముందు అది చెప్పండి.

నిశాచరి
ఆ "ఇంకో ఇద్దరు" నేను చూడబోయిన ప్రతి కారుకూ పోటీకి వచ్చారు. ఎప్పటికైనా వాళ్లను ఒకసారి కలవాలని ఉంది.

కొత్తడ్రైవరు
వేడిగానే ఉంది గ్రీజుచేతులు గారూ. "మీరు వస్తున్నారని ముందే స్టార్ట్ చేసి పెట్టాను" అన్నాడు. అందులో ఏమైనా ఉందా?

గ్రీజుచేతులు
ఉండవచ్చు. అరిగిన ఇంజిన్ గుట్టు చాలావరకు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని మీ కళ్ల ముందు మొదటిసారి స్టార్ట్ చేయించాలి. బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే "రేపు పొద్దున వస్తాను" అని చెప్పి వచ్చేయండి.

స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు: వాల్వ్ సీళ్లో, పిస్టన్ రింగులో అరిగి ఉంటాయి. నల్ల పొగ అంటే పెట్రోలు అవసరానికి మించి పోతోంది, అది చాలాసార్లు ఏదో ఒక సెన్సరుతోనో ఇంజెక్టరుతోనో తీరే బాధ. చలిగా ఉన్న పూట కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే, కాసేపట్లో ఆగిపోవాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా దట్టంగా తెల్లగా వస్తూ తియ్యటి వాసన వేస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, సిలిండర్‌లోకి దిగుతోంది. అలాంటిది కనిపిస్తే తాళాలు తిరిగిచ్చేయండి. మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు వచ్చి సద్దుమణిగితే టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) సాగిందేమోనని చూడాలి. వేడెక్కిన ఇంజిన్‌లో వీటిలో సగం పట్టుబడవు.

ఐదోగేరు
ముందే స్టార్ట్ చేసినవాళ్లందరూ మోసగాళ్లు కారండీ. నా పాత కారు అమ్మినప్పుడు నేనూ కాస్త నడిపి, తుడిచి, ఏసీ వేసి ఉంచాను. చూడటానికి వచ్చేవాళ్ల కోసం అందరం చేసే పనే. చల్లటి ఇంజిన్ చూడాలని అడగండి. ఒప్పుకుంటే సరే, నీళ్లు నమిలితే అప్పుడు అనుమానించండి.

నిశాచరి
ఐదోగేరు గారి కారు కొన్నవాళ్లు ఈ చర్చ చదవకుండా ఉండాలని కోరుకుందాం.

ఐదోగేరు
కొన్నది మా పక్కింటివాళ్లే. ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నారు.

లెక్కలపద్దు
కారు బాగుందా అన్నది ఒక ప్రశ్న, ఈ ధరకు బాగుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపేస్తే తేలదు. నేను పాత కారు లోపాలను రెండు గంపలుగా వేరు చేసుకుంటాను.

మొదటి గంపలో మెకానిక్ చూసి ఇంత అవుతుందని కాగితం మీద రాసివ్వగలిగినవి. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, క్లచ్, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, పగిలిన లైటు. ఇవన్నీ పోయి ఉన్నా నాకు బెంగ లేదు. మొత్తం కూడి, కారు ధరకు కలిపి, ఇదే వయసున్న మంచి కారు ధర పక్కన పెట్టి చూస్తాను. అప్పటికీ తక్కువైతే కొంటాను.

రెండో గంపలో విప్పి చూస్తే తప్ప ఎంతవుతుందో ఎవరూ చెప్పలేనివి. నీళ్లలో మునిగిన బండి, తుప్పు పట్టిన అడుగుభాగం, ప్రమాదంలో వంగిన ఫ్రేము, కూలెంట్ తాగే ఇంజిన్, జారుతున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వీటిలో ఒక్కటి ఉన్నా ఊరికే ఇచ్చినా తీసుకోను. ధర తగ్గిస్తే మొదటి గంప ఖర్చు పూడుతుంది. రెండోదానికి ఎంత తగ్గిస్తే సరిపోతుందో అమ్మేవాడికీ తెలియదు.

ఆ గొలుసు బదులు టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే దాన్ని మార్చిన బిల్లు అడగండి. కంపెనీని బట్టి 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట మార్చమంటారు, ఏళ్ల గడువు కూడా ఉంటుంది. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి. మొదటి గంపలోని వస్తువు ఒక్క క్షణంలో రెండో గంపలో పడుతుంది.

పాతబండి
పద్దు గారి రెండో గంప మరీ పెద్దది. నా కారుకు ఇరవై ఏళ్లు. ఆయిల్ తాగుతుంది, అప్పుడప్పుడు డిప్‌స్టిక్ చూసి పోసుకుంటాను, అంతే. కొత్త కారు మొదటి నాలుగైదు ఏళ్లలోనే విలువలో పెద్ద వాటా పోగొట్టుకుంటుంది. ఆ నష్టం వేరెవరో భరించాక మిగిలిన బండి మన చేతికొస్తోంది. ఇక్కడ చెప్పిన పరీక్షలన్నీ చేస్తూ కూర్చుంటే ఏ కారూ కొనలేరు. మూడేళ్లు నడిస్తే చాలంటున్నారు కదా, తీసుకోండి.

లెక్కలపద్దు
కూలెంట్ తాగే ఇంజిన్ అన్నాను, ఆయిల్ తాగేది అనలేదు. ఆయిల్ డబ్బా ధర నాకూ తెలుసు.

పాతబండి
సరే, నాది ఆయిలే. కూలెంట్ మట్టం తగ్గదు. అయినా నా మాట నాదే.

వానచినుకు
నీళ్లలో మునిగిన బండి గురించి ఒక మాట. మా మరిది కోసం ఒక కారు చూడటానికి వెళ్లాం. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, లోపల ఘాటైన సెంటు వాసన. అంత సెంటు ఎందుకని నాకు అనుమానం వచ్చింది. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ అంత బయటికి లాగరు కాబట్టి దాన్ని కడగాలని కూడా తోచదు. చివరి జానెడు పట్టీ మీద మట్టిరంగు చార, అక్కడి నుంచి కిందికి బట్టంతా బిరుసుగా ఉంది. సీటు కింద పట్టాలు బిగించే బోల్టులు చూస్తే ఎర్రగా తుప్పు. స్టెప్నీ తీస్తే ఆ గుంతలో మెత్తటి ఒండ్రు పేరుకుపోయి ఉంది. ఇంజిన్ మాత్రం చక్కగా స్టార్ట్ అయింది! వైర్ల కనెక్టర్లలో పచ్చటి తుప్పు నెలల తర్వాత మొదలవుతుందని, అప్పుడు ఒక్కొక్క లైటూ దెయ్యం పట్టినట్టు ఆడుతుందని మా మెకానిక్ చెప్పాడు. కొనలేదు.

నిశాచరి
ఇప్పుడు సెంటు కొట్టిన కారు ఎక్కాలంటేనే భయమేస్తుంది.

చిన్నస్క్రూ
మీటరు సంగతి ఎవరూ అనలేదు. 92,000 అంటే పన్నెండేళ్లలో ఏడాదికి 8,000 కూడా లేదు. అసాధ్యం కాదు, కానీ నిరూపణ కావాలి. డిజిటల్ మీటరు అయినా వెనక్కి తిప్పవచ్చు. తిప్పలేనివి చూడండి: స్టీరింగు తోలు నునుపు, గేరు గుబ్బ మీద అంకెలు చెరిగిపోవడం, డ్రైవరు సీటు అంచు నలిగిపోవడం, పెడళ్ల రబ్బరు.

ఇంకొకటి. బోనెట్ తెరిచి, ముందు ఫెండర్లను బిగించే బోల్టుల తలలు చూడండి. ఫ్యాక్టరీలో బిగించాక పెయింటు వేస్తారు. వాటి మూలల్లో పెయింటు రేగిపోయి ఉంటే ఎప్పుడో పానా పెట్టారని అర్థం. పెయింటు మందం కొలిచే చిన్న పరికరం దొరికితే మరీ మంచిది. ఫ్యాక్టరీ పెయింటు చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఒక తలుపు దగ్గర మాత్రం 1,000 చూపిస్తే కింద లప్పం ఉంది. ప్రమాదం జరిగినంత మాత్రాన కారు పనికిరాదని కాదు, చెప్పకుండా దాచడం వేరు.

కొత్తడ్రైవరు
చిన్నస్క్రూ గారూ, మీరు అన్నాక నా ఫోనులోని ఫోటోలు పెద్దవి చేసి చూశాను. పెడళ్ల రబ్బరు కొత్తది. స్టీరింగుకు కవరు తొడిగి ఉంది. చల్లటి ఇంజిన్ చూపించమని ఫోను చేశాను, మారు మాట లేకుండా ఎల్లుండి పొద్దున రమ్మన్నాడు.

చిన్నస్క్రూ
92,000 తిరిగిన కారుకు పెడల్ రబ్బరు మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది? అదొక్కటే అడగండి, ఏం చెబుతాడో వినాలని ఉంది.

ఐదోగేరు
రమ్మన్నాడు కదా, అది మంచి గుర్తు. చూడండి, ఎల్లుండి దాకా ఆ ఇద్దరూ ఆగారు.

తీరికవేళ
మీరందరూ చేస్తున్న పని మీద జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే ఒక వ్యాసం రాశాడు. కారు ఎలాంటిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాళ్లు అమ్మడం మానుకుంటారు. బజారులో నాసిరకం మిగులుతుంది. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

నిశాచరి
మళ్లీ ఇంకో ఇద్దరా!

పాతబండి
అకర్లాఫ్ గారి లెక్క ప్రకారం నా కారు ఉండకూడదు. కానీ ఉంది, నడుస్తోంది.

తీరికవేళ
మీరు అమ్మడం లేదు కదా పాతబండి గారూ. ఆయన చెప్పిందీ అదే.

స్కానరు
డాష్‌బోర్డ్ కింద ఓబీడీ సాకెట్ (కారు కంప్యూటరుకు రీడరు తగిలించే చోటు) ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి. చేతిలో పట్టే చిన్న రీడరుతో లోపాల కోడ్లు చదవవచ్చు. కోడ్లు ఏమీ లేవని సంతోషించకండి, అమ్మేముందు చెరిపేయడం సులువు. కానీ చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు కూడా "సిద్ధంగా లేదు" అన్న స్థితికి వెళతాయి. అవి మళ్లీ పూర్తి కావడానికి కొన్ని రోజుల మామూలు ప్రయాణం కావాలి. మీరు వెళ్లేసరికి చాలా మానిటర్లు అసంపూర్తిగా ఉంటే ఈమధ్యే కోడ్లు చెరిపారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు.

రీడరు లేకపోయినా ఒకటి చూడండి. తాళం తిప్పగానే ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు రెండూ వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండవచ్చు.

దస్తావేజు
బండి చూసే ముందు కాగితాలు చూడండి. చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు, ఒకటి, సున్నాలతో కలగాపులగం అవుతాయని. రేకు మీద చెక్కినది, అద్దం వెనక పలక మీద ఉన్నది, రిజిస్ట్రేషన్ పత్రంలోది అన్నీ ఒక్కటే కావాలి. చెక్కిన చోట గీకినట్టో, చుట్టూ కొత్త వెల్డింగు ఉన్నట్టో కనిపిస్తే ధర గురించి మాట్లాడటం కూడా అనవసరం. అమ్ముతున్న మనిషి పేరు, పత్రం మీద పేరు ఒక్కటేనా? అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం ఉందా?

అదే నంబరుతో కంపెనీ రీకాల్ (లోపం సరిచేయడానికి కారును వెనక్కి పిలవడం) ఏదైనా మిగిలి ఉందేమో వెతకండి. పన్నెండేళ్ల కారు కాబట్టి టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి తప్పక చూడాలి. వాటిని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లలోని అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు విసిరేది. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. మిగిలిపోయిన కారు అయితే మార్చడానికి మామూలుగా డబ్బు తీసుకోరు, కానీ మార్చేదాకా నడపకండి.

కొత్తడ్రైవరు
వెళ్లి వచ్చాను. కాగితాలు సరిగ్గా ఉన్నాయి, పేరు ఆయనదే, అప్పు లేదు, రీకాల్ ఏమీ మిగల్లేదు. ఇంజిన్ నిజంగా చల్లగా ఉంది. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. పొగ లేదు, చప్పుడు లేదు. సీటు బెల్టు చివరిదాకా లాగాను, శుభ్రంగా ఉంది. పెడల్ రబ్బరు గురించి అడిగితే "నాకంటే ముందున్న ఆయన మార్పించాడేమో" అన్నాడు. టైర్ల పక్కన నాలుగంకెల కోడు చూశాను. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం అని ఎక్కడో చదివాను. నాలుగింటికీ ఒకటే తేదీ, ఏడేళ్ల కిందటివి. గాడులు లోతుగానే ఉన్నాయి గానీ పక్కల సన్నటి పగుళ్లు.

ఒక్కటి భయపెడుతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలివైపు లేత గోధుమరంగు నురగ అంటుకుని ఉంది. వేలితో తీస్తే జిగటగా వచ్చింది.

నిశాచరి
అయిపోయింది. హెడ్ గాస్కెట్ పోయి ఆయిల్‌లో కూలెంట్ కలుస్తోంది. ఇంటికి వచ్చేయండి.

ఐదోగేరు
నేను కూడా ఇక్కడ చేతులెత్తేస్తున్నాను. వదిలేయండి.

గ్రీజుచేతులు
తొందరపడకండి. మూత కింద నురగ ఒక్కదానితో హెడ్ గాస్కెట్ పోయిందని చెప్పలేం. దగ్గరి దూరాలకే తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన తేమ ఆవిరి కాదు, పైకి చేరి మూత దగ్గర ఆయిల్‌తో కలిసి ఇలాగే పేరుకుంటుంది. చలికాలంలో మరీ ఎక్కువ. అడగాల్సింది వేరే: డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉందా, అదీ నురగగా ఉందా? కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు తేలుతోందా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు పై గొట్టం నొక్కితే మెత్తగా ఉందా, బిగుసుకుని ఉందా?

అప్పటికీ తేలకపోతే షెడ్డులో ఒక పరీక్ష చేస్తారు. నీలం ద్రావకం ఉన్న గొట్టాన్ని కూలెంట్ మూత దగ్గర పెట్టి, నడుస్తున్న ఇంజిన్ నుంచి వచ్చే గాలిని అందులోకి పీలుస్తారు. సిలిండర్ నుంచి పొగ కూలెంట్‌లోకి కారుతుంటే నీలం కాస్తా పసుపు అవుతుంది. పెద్ద పని కాదు, కొద్దిసేపట్లో అయిపోతుంది. ఎలాగూ తీసుకెళతారు కాబట్టి లిఫ్టు ఉన్న షెడ్డుకే వెళ్లండి. అడుగుభాగం చూడకుండా నేను ఏ పాత కారు గురించీ మాటివ్వను.

పాతబండి
చూశారా, నురగకే పరుగెత్తమన్నారు.

లెక్కలపద్దు
టైర్లు నాలుగూ మొదటి గంపలో వేసుకోండి. గాడులు ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. అది బేరానికి పనికొస్తుంది.

ఐదోగేరు
నడిపేటప్పుడు క్లచ్ కూడా చూడండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ యాక్సిలరేటరు పూర్తిగా నొక్కండి. ఇంజిన్ రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. దానికీ ధర తగ్గించమనవచ్చు.

కొత్తడ్రైవరు
అమ్మేవాడు షెడ్డుకు తీసుకురావడానికి ఒప్పుకున్నాడు, ఖర్చు నాది. ఫలితం ఇది. డిప్‌స్టిక్ శుభ్రం. కూలెంట్‌లో నూనె లేదు. నీలం ద్రావకం నీలంగానే ఉంది. గ్రీజుచేతులు గారు చెప్పినట్టు తేమే. క్లచ్ బాగుంది. మీటరు సంగతి మాత్రం అలాగే ఉంది, పాత సర్వీసు బిల్లు ఒక్కటీ లేదు.

తర్వాత లిఫ్టు ఎక్కించారు. కింద అంతా నల్లటి తారు కోటింగు, కొత్తది, ఇంకా వాసన వస్తోంది. నాకు ముచ్చటేసింది. మెకానిక్‌కు ముచ్చటేసినట్టు లేదు. స్క్రూడ్రైవరు పిడితో తడుతూ వెళ్లాడు. ముందు భాగమంతా టంగు టంగుమంది. వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చచ్చుపడింది. మొన పెట్టి నెమ్మదిగా నొక్కితే సగం దాకా దిగిపోయింది. తీస్తే తారుతో పాటు ఎర్రటి పొట్టు రాలింది. వెనక సస్పెన్షన్ బిగించే చోటు అది. రెండో వైపు కూడా అంతే. అమ్మేవాడు పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. "కోటింగు మీరే వేయించారా?" అని మెకానిక్ అడిగితే తుప్పు పట్టకుండా వేయించానన్నాడు.

నిశాచరి
పట్టాక వేయించాడు.

గ్రీజుచేతులు
సస్పెన్షన్ ఆనే చోట మొన దిగిందంటే పై రేకు ఒక్కటే కాదు, లోపలి పొర కూడా పోయి ఉంటుంది. మంచి రేకు దొరికేదాకా కోసి కొత్తది వెల్డింగు చేయాలి, ఎక్కడిదాకా కోయాలో కోస్తేనే తెలుస్తుంది. ఉప్పు చల్లే రోడ్ల మీదో, సముద్రం పక్కనో తిరిగిన బండ్లకు ఎక్కువ. వేగంలో ఉండగా ఆ చోటు ఊడితే వెనక చక్రం పక్కకు తిరుగుతుంది. ఇంజిన్ ఎంత బాగున్నా సరే, వద్దు.

లెక్కలపద్దు
రెండో గంప.

పాతబండి
దీనికి నేనూ అడ్డు చెప్పను. ఆయిల్ తాగే బండిని భరిస్తాను గానీ చక్రం ఊడే బండిని భరించలేను.

ఐదోగేరు
ఇంకా తగ్గిస్తానని ఏమైనా అన్నాడా?

కొత్తడ్రైవరు
అన్నాడు. ముందు చెప్పిన దానిలో మళ్లీ సగం చేశాడు. వద్దన్నాను. పద్దు గారు చెప్పినట్టు, ఎంత తగ్గిస్తే సరిపోతుందో ఆయనకూ తెలిసినట్టు లేదు. షెడ్డు ఖర్చు మాత్రం నాకు అస్సలు బాధ అనిపించలేదు.

ఈ వెతుకులాటలోనే ఇంకొకటి తగిలింది. అదే మోడల్, రెండేళ్లు తక్కువ వయసు, మీటరు 1,34,000. ధర మామూలుగానే ఉంది. ఎడమ తలుపు సొట్ట, బంపరు మీద గీతలు, పాలిష్ అసలు లేదు. మొదటి నుంచి ఒకే యజమాని, సర్వీసు పుస్తకం నిండా ముద్రలు. కింద వంగి ఫోను లైటు వేసి చూశాను, మామూలు దుమ్ము, అక్కడక్కడ పైపై తుప్పు, కోటింగు లేదు.

చిన్నస్క్రూ
సర్వీసు పుస్తకంలో తేదీ పక్కన మీటరు అంకె రాస్తారు. అవి క్రమంగా పెరుగుతూ 1,34,000 దాకా వచ్చాయా చూడండి. ముద్రలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే పుస్తకం కొత్తగా తయారైందని అర్థం.

వానచినుకు
సీటు బెల్టు మరిచిపోకండి. సొట్ట తలుపు లోపలి రబ్బరు కూడా చూడండి, సరిగ్గా ఆనకపోతే వానలో నీళ్లు లోపలికి వస్తాయి.

గ్రీజుచేతులు
ఆ మోడల్‌కు టైమింగ్ బెల్టే ఉంటే, 1,34,000 తిరిగింది, వయసూ పదేళ్లు కాబట్టి ఈపాటికి ఒకసారి మార్చి ఉండాలి. పుస్తకంలో ఆ పేజీ, బిల్లు అడగండి. బెల్టుతో పాటు వాటర్ పంపు, టెన్షనరు కూడా మార్చారా చూడండి, చాలామంది పంపు వదిలేస్తారు. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. అదే షెడ్డుకు, అదే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అతనికి ఎక్కడ తట్టాలో తెలుసు.